క్రీడా ప్రతిభతో కళాశాల ప్రవేశం: రాయ్‌పూర్ విద్యార్థి తొమ్మిదో తరగతి నుంచే తెలుసుకోవలసిన విషయాలు

రాయ్‌పూర్: ఉదయం ఐదున్నరకే మైదానానికి చేరి, ఎనిమిదింటికి పాఠశాలకు పరుగెత్తి, సాయంత్రం మళ్లీ మైదానంలోనే గడిపే విద్యార్థులు ఈ నగరంలో ఎందరో ఉన్నారు. పదో తరగతి దాటేసరికి వారి ఇళ్లలో ఒకటే ప్రశ్న తలెత్తుతుంది. ఈ ఆట పిల్లవాడికి మంచి కళాశాలలో సీటు తెచ్చిపెడుతుందా, లేక చదువును మింగేస్తుందా? రైల్వే, ఉక్కు కర్మాగారం కొలువుల కోసం తరాల క్రితం వచ్చి రాయ్‌పూర్, భిలాయ్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఈ ప్రశ్న తప్పదు.

సమాధానం చాలావరకు ఆటలో ప్రావీణ్యంపై ఆధారపడి ఉంటుంది. అయితే ప్రావీణ్యం ఉన్నా సీటు దక్కనివారు కనిపిస్తూనే ఉంటారు. ఆడిన పోటీకి గుర్తింపు లేకపోవడం, ధ్రువపత్రానికి కాలం చెల్లిపోవడం, ప్రవేశ పరీక్ష రాయకపోవడం వంటివి అందుకు కారణాలు. ఇవన్నీ ముందే తెలుసుకుంటే తప్పించుకోగలిగినవే.

ఎంపిక చేసేది ఎవరు?

అమెరికాలో విశ్వవిద్యాలయ జట్టు శిక్షకుడే పాఠశాలల పోటీలను గమనించి, నచ్చిన క్రీడాకారుడిని నేరుగా ఆహ్వానిస్తాడు. చలనచిత్రాల ద్వారా, సామాజిక మాధ్యమాల ద్వారా ఈ దృశ్యం మన విద్యార్థులకు సుపరిచితమే. భారతదేశంలో ఆ పద్ధతి కొన్ని ప్రైవేటు విశ్వవిద్యాలయాలకే పరిమితం. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ప్రవేశం దరఖాస్తుతో మొదలవుతుంది. విద్యార్థి సమర్పించిన ధ్రువపత్రాలకు మార్కులు వేస్తారు, మైదానంలో ఎంపిక పరీక్ష నిర్వహిస్తారు, చదువులో కనీస అర్హతను చూస్తారు. శిక్షకుడి కంటపడితే చాలునన్న ధీమాతో కూర్చుంటే ఇక్కడ దరఖాస్తు గడువు దాటిపోతుంది.

కనుక మన విద్యార్థి మొదటి కర్తవ్యం తన క్రీడా జీవితానికి చెల్లుబాటయ్యే లిఖితపూర్వక చరిత్రను నిర్మించుకోవడం. ఆ పని పన్నెండో తరగతి ఫలితాల తరువాత మొదలుపెట్టేది కాదు.

రాయ్‌పూర్ నేపథ్యం

2000 నవంబరు 1న ఏర్పడిన ఛత్తీస్‌గఢ్‌కు క్రీడా వారసత్వం కొత్తది కాదు. రాజ్‌నాంద్‌గావ్‌ను హాకీ నర్సరీగా పిలుస్తారు. అక్కడి నుంచి వచ్చిన రేణుకా యాదవ్ 2016 రియో ఒలింపిక్స్‌లో భారత మహిళల హాకీ జట్టులో ఆడారు. దుర్గ్‌కు చెందిన సబా అంజుమ్ జాతీయ జట్టుకు నాయకత్వం వహించి, 2013లో అర్జున, 2015లో పద్మశ్రీ పురస్కారాలు అందుకున్నారు. భిలాయ్‌లో రాజేష్ పటేల్ శిక్షణలో ఎదిగిన బాలికలు బాస్కెట్‌బాల్‌లో దేశవ్యాప్తంగా పేరు తెచ్చుకున్నారు. రాయ్‌పూర్‌లోని సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ అంతర్జాతీయ హాకీ మైదానం 2015లో హాకీ వరల్డ్ లీగ్ ఫైనల్ పోటీలకు ఆతిథ్యమిచ్చింది. ఆ పోటీల్లో భారత పురుషుల జట్టు కాంస్యం గెలిచింది.

భారత క్రీడా ప్రాధికార సంస్థ (సాయ్) శిక్షణ కేంద్రాలు రాయ్‌పూర్‌లోనూ, రాజ్‌నాంద్‌గావ్‌లోనూ ఉన్నాయి. బిలాస్‌పూర్ సమీపంలోని బహతరాయిలో రాష్ట్ర క్రీడా శిక్షణ కేంద్రం ఉంది. కళాశాల గురించి ఆలోచించే ముందు ఇటువంటి కేంద్రాల ఎంపిక పోటీలకు హాజరుకావడం మేలు. ఎంపికైతే వసతి, ఆహారం, శిక్షణ లభిస్తాయి. ఎంపిక కాకపోయినా తన స్థాయి ఏమిటో విద్యార్థికి స్పష్టంగా తెలుస్తుంది.

ఏ పోటీకి ఎంత విలువ?

అన్ని పతకాలూ ఒకే విలువ కలిగినవి కావు. కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి ఉద్యోగాల్లో ప్రతిభావంతులైన క్రీడాకారుల నియామకానికి ఒక ప్రాధాన్య క్రమం అమలులో ఉంది. అంతర్జాతీయ పోటీల్లో దేశానికి ప్రాతినిధ్యం వహించినవారు మొదటి స్థానంలో ఉంటారు. జాతీయ స్థాయి సీనియర్, జూనియర్ పోటీల్లో రాష్ట్రం తరఫున ఆడి పతకం సాధించినవారు తరువాత వస్తారు. ఆపై అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు, జాతీయ పాఠశాల క్రీడలు వస్తాయి. విశ్వవిద్యాలయాలు వేసే మార్కుల పట్టికలు ఒకదానికొకటి భిన్నంగా ఉన్నప్పటికీ వాటి వెనుక తర్కం ఇదే.

పాఠశాల విద్యార్థికి ప్రధానంగా రెండు నిచ్చెనలు అందుబాటులో ఉన్నాయి. 1954లో ఏర్పడిన భారత పాఠశాల క్రీడా సమాఖ్య (ఎస్‌జీఎఫ్‌ఐ) అండర్-14, అండర్-17, అండర్-19 విభాగాల్లో నిర్వహించే పోటీలు మొదటిది. ఇందులో పాఠశాల నుంచి జిల్లాకు, అక్కడి నుంచి రాష్ట్రానికి, ఆపై జాతీయ స్థాయికి చేరాలి. ఆయా క్రీడల జాతీయ సమాఖ్యలు, వాటి రాష్ట్ర సంఘాలు నిర్వహించే సబ్‌జూనియర్, జూనియర్ పోటీలు రెండవది. 2018లో ఢిల్లీలో పాఠశాల క్రీడలుగా మొదలైన ఖేలో ఇండియా పోటీలు వీటికి తోడయ్యాయి. ఖేలో ఇండియా పథకం కింద ఎంపికైన క్రీడాకారుడికి శిక్షణ వ్యయంతో పాటు నెలకు 10,000 రూపాయల చేతిఖర్చు భత్యం ఇస్తారు.

ఒకే నిచ్చెనను నమ్ముకోవడం శ్రేయస్కరం కాదు. సమాఖ్యలో వివాదం తలెత్తి పోటీలు ఆగిపోతే ఒక ఏడాది చరిత్ర మొత్తం ఖాళీగా మిగిలిపోతుంది. ఆహ్వాన టోర్నమెంట్లు, ప్రైవేటు అకాడమీల కప్పులు ఆటకు మెరుగు పెట్టవచ్చు. ప్రవేశాల వేళ మాత్రం వాటికి సాధారణంగా మార్కులు దక్కవు. పోటీకి రుసుము చెల్లించే ముందే నిర్వాహకులకు ఏ సమాఖ్య గుర్తింపు ఉందో అడగాలి.

గుర్తింపు నిబంధనలు ఎంత కఠినంగా ఉంటాయో తెలుగు నేలకు చెందిన జ్యోతి యర్రాజీ అనుభవం చెబుతుంది. విశాఖపట్నానికి చెందిన ఈ హర్డిల్స్ క్రీడాకారిణి 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిద్రిలో జరిగిన అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకన్లలో పూర్తి చేశారు. అప్పటి జాతీయ రికార్డు 13.38 సెకన్లు. అయినప్పటికీ ఆ పరుగును జాతీయ రికార్డుగా పరిగణించలేదు. ఆ పోటీల్లో ఆమెకు జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ పరీక్ష జరగకపోవడం, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేకపోవడం అందుకు కారణాలు. ఆమె 2022లో సైప్రస్‌లో 13.23 సెకన్లతో జాతీయ రికార్డును అధికారికంగా తన పేరిట లిఖించుకున్నారు. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో ఈ విభాగంలో పోటీపడిన తొలి భారతీయురాలయ్యారు. మైదానంలో సాధించినది, కాగితంపై నిలిచేది ఒకటి కావడానికి నిబంధనలు తోడుపడాలి. ఈ పాఠం పాఠశాల విద్యార్థికీ వర్తిస్తుంది.

ప్రవేశానికి ఉన్న ప్రధాన మార్గాలు

ఢిల్లీ విశ్వవిద్యాలయం: క్రీడలు, సాంస్కృతిక కార్యకలాపాలు రెండింటికీ కలిపి కళాశాల సీట్లలో ఐదు శాతం వరకు అదనపు సీట్లు కేటాయిస్తారు. 2022 నుంచి కేంద్ర విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష (సీయూఈటీ) తప్పనిసరి అయింది. ఆ ఏడాది సీయూఈటీకి 25 శాతం, ధ్రువపత్రాలు, ఎంపిక పరీక్షలకు కలిపి 75 శాతం ప్రాధాన్యం ఇచ్చారు. దేశం తరఫున ఒలింపిక్స్ వంటి పోటీల్లో ఆడినవారికి ఎంపిక పరీక్ష లేకుండానే ప్రవేశం ఉంటుంది. నిర్ణీత కాలపరిమితిలో సాధించిన ధ్రువపత్రాలకే మార్కులు వేస్తారు. ఎనిమిదో తరగతిలో గెలిచిన పతకం పన్నెండో తరగతి తరువాత అక్కరకు రాకపోవచ్చు.

ఐఐటీ మద్రాస్: క్రీడా ప్రతిభకు ప్రత్యేక ప్రవేశం కల్పించిన మొదటి ఐఐటీ ఇదే. 2024-25 విద్యాసంవత్సరంలో మొదలైన ఈ విధానంలో ప్రతి బీటెక్, బీఎస్ కోర్సులో రెండు అదనపు సీట్లు కేటాయించారు. వాటిలో ఒకటి బాలికలకు. అభ్యర్థి జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ర్యాంకు జాబితాలో చోటు సంపాదించాలి. గత నాలుగేళ్లలో జాతీయ లేదా అంతర్జాతీయ స్థాయి పోటీలో కనీసం ఒక పతకమైనా గెలిచి ఉండాలి. ఆపై క్రీడా ప్రతిభ ఆధారంగా వేరే ర్యాంకు జాబితా తయారవుతుంది. దీనికి దరఖాస్తు కూడా వేరుగా చేయాలి.

ఇక్కడొక సందేహం తరచూ వినిపిస్తుంది. రాయ్‌పూర్ ఎన్‌ఐటీలో క్రీడా కోటా ఉందా? ఎన్‌ఐటీల సీట్లను భర్తీ చేసే జోసా ఉమ్మడి కౌన్సెలింగ్‌లో క్రీడా విభాగం లేదు. అక్కడ జేఈఈ మెయిన్ ర్యాంకే ఆధారం.

తెలుగు రాష్ట్రాలు: ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఎంసెట్ (నేటి ఈఏపీసెట్) ద్వారా భర్తీ అయ్యే ఇంజనీరింగ్ సీట్లలో అర శాతం క్రీడాకారులకు కేటాయిస్తూ వస్తున్నారు. ధ్రువపత్రాలను రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ పరిశీలించిన తరువాతే ప్రాధాన్య క్రమం ఖరారవుతుంది. ఛత్తీస్‌గఢ్‌లో చదివిన తెలుగు విద్యార్థులు ముందుగా స్థానికత నిబంధనను చూసుకోవాలి. మాతృభాష తెలుగు అయినంత మాత్రాన స్థానికత దక్కదు.

ప్రైవేటు విశ్వవిద్యాలయాలు: క్రీడల్లో అత్యుత్తమంగా నిలిచిన విశ్వవిద్యాలయానికి 1956-57 నుంచి మౌలానా అబుల్ కలాం ఆజాద్ ట్రోఫీ ఇస్తున్నారు. దానిపై చాలాకాలం పంజాబ్, చండీగఢ్ ప్రాంత విశ్వవిద్యాలయాలదే ఆధిపత్యం. 2020లో భువనేశ్వర్‌లో మొదలైన ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు ఈ పోటీని మరింత పెంచాయి. పతకాలు తెచ్చే విద్యార్థులకు రుసుము మినహాయింపు, ఉచిత వసతి, ప్రత్యేక ఆహారం ఇచ్చే సంస్థలు ఇందువల్లనే ఎక్కువయ్యాయి. అమెరికా తరహా ఆహ్వానానికి మన దేశంలో దగ్గరగా వచ్చేది ఈ మార్గమే.

శారీరక విద్య: ఆటనే వృత్తిగా ఎంచుకోదలచినవారికి గ్వాలియర్‌లోని లక్ష్మీబాయి జాతీయ శారీరక విద్యా సంస్థ, మణిపూర్‌లోని జాతీయ క్రీడా విశ్వవిద్యాలయం ఉన్నాయి. 1964లో స్థాపితమైన రాయ్‌పూర్ పండిత్ రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయంలోనూ శారీరక విద్యా విభాగం ఉంది. శిక్షకులు, వ్యాయామ ఉపాధ్యాయులు, క్రీడా శాస్త్ర నిపుణులు కావాలనుకునేవారికి ఇవి ఉపకరిస్తాయి.

పరీక్షలు, పోటీలు ఒకేసారి వస్తే?

పన్నెండో తరగతి బోర్డు పరీక్షల వేళ జాతీయ పోటీలు రావడం కొత్త కాదు. గుర్తింపు పొందిన జాతీయ, అంతర్జాతీయ పోటీల్లో పాల్గొనే పది, పన్నెండో తరగతుల విద్యార్థులకు సీబీఎస్‌ఈ మరొక తేదీన పరీక్ష రాసే అవకాశం కల్పిస్తోంది. ఈ సదుపాయం దానంతటదే వర్తించదు. పాఠశాల ద్వారా, గడువులోగా, సాయ్ వంటి సంస్థ సిఫారసుతో కోరాలి. ఇతర బోర్డుల్లో చదివేవారు తమ బోర్డు నిబంధన ఏమిటో పదకొండో తరగతిలోనే విచారించుకోవాలి.

హాజరు విషయమూ ఇంతే. శిబిరానికి, పోటీకి వెళ్లిన ప్రతిసారీ సమాఖ్య లేదా క్రీడాశాఖ ఇచ్చిన లేఖను పాఠశాలలో సమర్పించి, నకలును దాచుకోవాలి.

విదేశీ కల: అమెరికా మార్గం

తెలుగువారిలో ఈ మార్గాన నడిచినవారు ఉన్నారు. విశాఖపట్నంలో పెరిగిన టెన్నిస్ క్రీడాకారుడు సాకేత్ మైనేని అలబామా విశ్వవిద్యాలయం తరఫున ఆడుతూ చదువుకున్నారు. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచారు. ఢిల్లీకి చెందిన హైజంపర్ తేజస్విన్ శంకర్ కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఉపకారవేతనంతో చదివి, 2018, 2022లలో అమెరికా కళాశాలల జాతీయ విజేతగా నిలిచారు.

అక్కడి కళాశాల క్రీడల ప్రధాన నియంత్రణ సంస్థ ఎన్‌సీఏఏ. దాని మొదటి, రెండవ డివిజన్లలోని కళాశాలలు క్రీడా ఉపకారవేతనాలు ఇవ్వగలవు. మూడవ డివిజన్ కళాశాలలు ఇవ్వవు. హార్వర్డ్, యేల్ వంటి ఐవీ లీగ్ విద్యాసంస్థలు మొదటి డివిజన్‌లో ఉన్నప్పటికీ క్రీడా ఉపకారవేతనం ఇవ్వవు. అక్కడ ఆర్థిక సహాయం కుటుంబ ఆదాయంపై ఆధారపడి ఉంటుంది.

మొదటి డివిజన్‌లో ఆడాలంటే తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు 16 ప్రధాన పాఠ్యాంశాలు పూర్తిచేసి, నాలుగు పాయింట్ల కొలమానంలో కనీసం 2.3 సగటు సాధించాలి. శాట్, యాక్ట్ మార్కులు ఉండాలన్న నిబంధనను ఎన్‌సీఏఏ 2023లో తొలగించింది. అయితే ప్రవేశానికి వాటిని అడిగే విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. లెక్కలోకి వచ్చేది తొమ్మిదో తరగతి నుంచి కాబట్టి, పదకొండో తరగతిలో మేల్కొన్నవారు ఆ పాత మార్కులను మార్చుకోలేరు.

రాయ్‌పూర్ విద్యార్థులు గమనించవలసిన మరో విషయం ఉంది. ఎన్‌సీఏఏలో హాకీ మహిళలకు మాత్రమే ఉంది. పురుషుల ఫీల్డ్ హాకీ లేదు. క్రికెట్, కబడ్డీ, బ్యాడ్మింటన్, వెయిట్‌లిఫ్టింగ్‌లలోనూ ఎన్‌సీఏఏ ఛాంపియన్‌షిప్‌లు లేవు. అథ్లెటిక్స్, ఈత, టెన్నిస్, బాస్కెట్‌బాల్, వాలీబాల్, గోల్ఫ్ వంటి క్రీడల వారికే ఈ మార్గం అర్థవంతం. ఆ క్రీడల్లో ఉన్నవారు తమ సమయాలు, ర్యాంకులు, ఆట దృశ్యాలు, మార్కుల జాబితా జతచేసి కళాశాల శిక్షకులకు స్వయంగా ఈ-మెయిల్ రాయవచ్చు. అందుకు మధ్యవర్తి అవసరం లేదు.

జాగ్రత్తలు

వయసు: తక్కువ వయసు చూపి చిన్న విభాగంలో ఆడించడం కొందరికి తేలిక మార్గంగా తోస్తుంది. వయసు మోసాలను అరికట్టేందుకు కేంద్రం 2010లోనే జాతీయ నియమావళి తెచ్చింది. వైద్య పరీక్షలో తేడా బయటపడితే నిషేధంతో పాటు అప్పటిదాకా సాధించిన ధ్రువపత్రాలన్నీ అనుమానంలో పడతాయి.

మందులు: జలుబు మందుల్లోనూ, వ్యాయామశాలల్లో అమ్మే పొడుల్లోనూ నిషిద్ధ పదార్థాలు ఉండవచ్చు. తెలియక తీసుకున్నానన్న వివరణ మాత్రమే క్రీడాకారుడిని కాపాడదు. వైద్యుడికి తాను పోటీల్లో ఆడుతున్నానని ముందే చెప్పాలి.

దళారులు: సీటు ఖాయమని సొమ్ము అడిగేవారిని, ఆడని పోటీకి ధ్రువపత్రం ఇప్పిస్తామనేవారిని దూరంగా ఉంచాలి. ధ్రువపత్రాలను జారీ చేసిన సంస్థ ద్వారా సరిచూస్తారు. నకిలీ అని తేలితే ప్రవేశం రద్దవుతుంది, కేసు కూడా నమోదు కావచ్చు. జాతీయ సమాఖ్యలు డిజిలాకర్ ద్వారా ధ్రువపత్రాలు ఇవ్వాలని కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖ సూచించింది. తన ఖాతాలో అవి చేరాయో లేదో విద్యార్థి ఎప్పటికప్పుడు చూసుకోవాలి.

గాయం: ఉపకారవేతనం ఇస్తామన్న కళాశాలను తప్పక అడగవలసిన ప్రశ్న ఇది. మోకాలు దెబ్బతిని ఏడాది ఆడలేకపోతే రుసుము మినహాయింపు కొనసాగుతుందా? వసతి, ప్రయాణం, వైద్య ఖర్చులు ఎవరు భరిస్తారు? మధ్యలో కళాశాల మారితే ఏమవుతుంది? ఈ సమాధానాలు లిఖితపూర్వకంగా ఉండాలి. నోటిమాటపై సీటు తీసుకుంటే రెండో ఏడాది మొత్తం రుసుము కట్టవలసి రావచ్చు.

తరగతులవారీగా ప్రణాళిక

తొమ్మిదో తరగతి: ఒక ప్రధాన క్రీడను నిర్ణయించుకోవాలి. జనన ధ్రువపత్రం, ఆధార్, పాఠశాల రికార్డులలో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోవాలి. రాష్ట్ర క్రీడా సంఘంలో పేరు నమోదు చేసుకోవాలి.

పదో తరగతి: జిల్లా, రాష్ట్ర పోటీల్లో ఆడాలి. సాయ్, రాష్ట్ర అకాడమీల ఎంపికలకు వెళ్లాలి. ప్రతి పోటీ తేదీ, వేదిక, స్థానం, నిర్వాహక సంస్థ ఒక పుస్తకంలో రాసిపెట్టుకోవాలి.

పదకొండో తరగతి: ఇది కీలక సంవత్సరం. జాతీయ స్థాయికి చేరడమే లక్ష్యం కావాలి. చేరదలచిన అయిదారు విశ్వవిద్యాలయాల గత ఏడాది ప్రవేశ ప్రకటనలు చదివి, తమ క్రీడకు ఎన్ని సీట్లున్నాయో చూడాలి. హాకీలో గోల్‌కీపర్ స్థానం ఖాళీగా ఉన్నచోట ఫార్వర్డ్ క్రీడాకారుడికి సీటు ఉండకపోవచ్చు.

పన్నెండో తరగతి: సీయూఈటీ, జేఈఈ వంటి పరీక్షలకు సకాలంలో దరఖాస్తు చేయాలి. క్రీడా కోటాకు వేరే దరఖాస్తు ఉంటే అదీ పూర్తి చేయాలి. బోర్డు పరీక్షల తరువాత విశ్రాంతి పేరిట వ్యాయామం ఆపకూడదు. ఎంపిక పరీక్షలు తరచూ వేసవి ఎండల్లోనే జరుగుతాయి.

సీటు వచ్చిన తరువాత

కళాశాలలో చేరడంతో క్రీడా జీవితం ముగిసిపోదు. భారత విశ్వవిద్యాలయాల సంఘం నిర్వహించే పోటీల్లో సాధారణంగా 17 నుంచి 25 ఏళ్ల వయసు వరకు ఆడవచ్చు. అక్కడ సాధించిన పతకం ఉద్యోగ నియామకాల్లోనూ లెక్కకు వస్తుంది. పాఠశాలలో జాతీయ స్థాయికి చేరలేనివారికి ఇది రెండో అవకాశం.

అయినా తల్లిదండ్రులు ఒక వాస్తవాన్ని మరువరాదు. దేశమంతటా ఆడుతున్నవారి సంఖ్యతో పోలిస్తే క్రీడా కోటా సీట్లు చాలా తక్కువ. కోటా దక్కినా, దక్కకున్నా పనికివచ్చేది చదువు. మార్కులు బాగున్న విద్యార్థికి ఆట అదనపు బలం అవుతుంది. మార్కులు లేని విద్యార్థి ఒక్క గాయంతో రెండూ కోల్పోయే ప్రమాదం ఉంది. ఉదయం మైదానానికి వెళ్లే పిల్లల సంచిలో బూట్లతో పాటు పుస్తకాలూ ఉండాలని అనుభవజ్ఞులైన శిక్షకులు పదేపదే చెప్పేది అందుకే.